కరెంటు పోయినప్పుడు: సోలార్, బ్యాటరీ ఇన్వర్టర్ వైరింగుపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. ఇంటికి ఇన్నాళ్లూ కరెంటు ఒక్క దారిలో వచ్చేది. ఇన్వర్టర్ పెట్టిన రోజు రెండో దారి, సోలార్ పెట్టిన రోజు మూడో దారి వచ్చి చేరుతుంది. ప్రమాదాలన్నీ ఆ దారులు కలిసే చోటే పుడతాయి. మెయిన్ బోర్డులో పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అయితే ఆ పని సరిగ్గా జరిగిందో లేదో ఇంటివాళ్లు చూసుకోగలగాలి. ఈ జవాబులు అందుకే.

ప్రశ్న: మా ఇన్వర్టర్ వెనక ఒకే ఒక్క సాకెట్ ఉంది. వైరుకి రెండు చివరలా త్రీపిన్ టాపులు బిగించి, ఒకటి ఇన్వర్టర్లో, ఇంకొకటి గోడ సాకెట్లో పెడితే ఇల్లంతా కరెంటు వస్తుందని, మెయిన్ ఆపుకుంటే చాలని అంటున్నారు. చేయవచ్చా?

జవాబు: చేయవద్దు. ఒక్కసారికి కూడా వద్దు. అలాంటి వైరు ఇంట్లో ఉంటే రెండు టాపులూ కోసి పారేయండి.

మొదటి కారణం కంటికి కనిపించేదే. గోడలోంచి టాపు జారితే దాని పిన్నులు 230 వోల్టులతో బయట పడి ఉంటాయి. పసిపిల్లల చేతికి అందేంత ఎత్తులో.

రెండోది, మెయిన్ ఆపడం మనిషి జ్ఞాపకం మీద ఆధారపడిన పని. రాత్రి చీకట్లో కంగారులో ఒక్కసారి మరిచిపోతే చాలు, మీ ఇన్వర్టర్ కరెంటు సర్వీసు వైరు మీదుగా వీధిలోకి వెళ్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇటు అటు అన్న తేడా లేదు. 11,000 వోల్టులను 400 వోల్టుల స్థాయికి దించే అదే పెట్టె, ఇటువైపు నుంచి కరెంటు ఇస్తే మళ్లీ వేల వోల్టులకు పెంచుతుంది. లైను చచ్చి ఉందనుకుని స్తంభం ఎక్కిన మనిషి చేతిలో ఆ వైరు ఉంటుంది. వీధిలోని మిగతా ఇళ్ల లోడుకి మీ చిన్న ఇన్వర్టర్ చతికిలబడుతుందన్నది నిజమే కానీ, మీ ఇంటి దగ్గర ఫ్యూజు తీసి ఉన్నప్పుడో, లైను తెగి ఉన్నప్పుడో ఆ లోడు అడ్డు ఉండదు.

మూడోది, మెయిన్ వేసి ఉండగా బయటి కరెంటు తిరిగి వస్తే రెండు సైన్ వేవులు పొంతన లేకుండా ఢీకొంటాయి. ఇన్వర్టర్లోని మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా కలిపి తెంచే భాగాలు) రెప్పపాటులో పేలిపోతాయి.

సరైన పద్ధతి చేంజోవర్ స్విచ్. అది డబుల్ పోల్‌ది కావాలి, అంటే ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ మార్చాలి. మూడు స్థానాలు ఉండాలి: ఒకటి బయటి కరెంటు, మధ్యలో ఆఫ్, రెండోది ఇన్వర్టర్. ఒకదాన్ని పూర్తిగా తెంచాకే రెండోదాన్ని కలిపే కట్టడి దాని యంత్రంలోనే ఉంటుంది కాబట్టి మనిషి మరిచిపోయే వీలు ఉండదు. దాని ఆంపియర్లు ముందున్న ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే తెంచే స్విచ్) కంటే తక్కువ ఉండకూడదు. 40 ఆంపియర్ల ఎంసీబీ వెనక 32 ఆంపియర్ల చేంజోవర్ పెడితే, ముందు మాడేది చేంజోవరే. ఇంకా మంచి ఏర్పాటు, బ్యాకప్ కావలసిన లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, రౌటర్‌లను వేరే చిన్న బోర్డులోకి తెచ్చి, ఆ బోర్డుకి మాత్రమే ఇన్వర్టర్ ఇవ్వడం. గీజరు, ఏసీ, మోటారు పొరపాటున కూడా బ్యాటరీ మీదికి రావు.

ప్రశ్న: ఇన్వర్టర్ పెట్టించిన దగ్గర్నుంచి ఆర్‌సీసీబీ (షాకు నుంచి కాపాడే లీకేజీ బ్రేకరు) పదే పదే పడిపోతోంది. దాన్ని తీసేసి మామూలు ఐసొలేటర్ (చేత్తో వేసి ఆపే ఉత్త స్విచ్) పెడతానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: అననేవద్దు. ఆర్‌సీసీబీ తప్పు చేయడం లేదు, వైరింగులో ఉన్న తప్పును చెబుతోంది.

అది చేసే పని ఒక్కటే. తన గుండా ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల రకమైతే అంత తేడా వచ్చేలోపే తెంచేస్తుంది. ఇన్వర్టర్ పెట్టేటప్పుడు చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, లైట్ల ఫేజు వైరును మాత్రం విప్పి ఇన్వర్టర్‌కి కలుపుతారు, న్యూట్రల్‌ను పాత బస్ బార్ (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) మీదే వదిలేస్తారు. ఇప్పుడు ఫేజు ఆర్‌సీసీబీకి బయటి నుంచి వస్తుంది, న్యూట్రల్ ఆర్‌సీసీబీ లోపలి నుంచి తిరిగి వెళ్తుంది. నాలుగు ఫ్యాన్లు తిరిగితే చాలు, వాటి కరెంటంతా దాని లెక్కలో లీకేజీయే.

మందు ఇది: ఇన్వర్టర్ మీదికి వచ్చే ప్రతి సర్క్యూట్‌కీ దాని ఫేజుతో పాటు దాని న్యూట్రల్ కూడా రావాలి. ఇన్వర్టర్ బోర్డులో న్యూట్రల్ బార్ విడిగా ఉండాలి, ఇన్వర్టర్ తర్వాత ఆ బోర్డుకి సొంత ఆర్‌సీసీబీ ఉండాలి. పాత ఇళ్లలో గదుల స్విచ్ బోర్డుల్లో రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లను కలిపి మెలిపెట్టి ఉంటారు. దాన్ని పట్టుకునే తీరు: మెయిన్ ఆపి, ఎంసీబీలన్నీ దించి, అనుమానమున్న సర్క్యూట్ న్యూట్రల్‌ను బార్ మీంచి విప్పండి. మల్టీమీటరును కంటిన్యుటీలో పెట్టి ఒక మొన విప్పిన వైరుకి, ఇంకో మొన బార్‌కి ఆనించండి. బీప్ వచ్చిందంటే ఆ న్యూట్రల్ ఎక్కడో ఇంకోదానితో కలిసి ఉంది. ఒక్కో స్విచ్ బోర్డు తెరిచి వెతకాల్సిందే. శ్రమే, కానీ దాన్ని తప్పించే దగ్గరి దారి లేదు.

మీది మూడు ఫేజుల ఇల్లయితే ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. ఇన్వర్టర్ మీదికి తెచ్చిన సర్క్యూట్‌కి పాత ఫేజు ఎక్కడో ఒక జంపర్ (కలిపి వదిలేసిన ముక్క వైరు) గుండా ఇంకా అంటుకునే ఉంటే, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ మీద పడతాయి. పని పూర్తయ్యాక రెండు పరీక్షలు చేయించండి. మొదట మెయిన్ ఆపి ఇన్వర్టర్ మాత్రం వేసి, ఇన్వర్టర్ మీద లేని ప్రతి ఎంసీబీ దగ్గరా ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య కరెంటు లేదని చూడాలి. తర్వాత మెయిన్ వేసి, ఇన్వర్టర్‌నూ దాని రెండు వైపుల ఎంసీబీలనూ ఆపి, అవుట్‌పుట్ వైర్ల మీద ఏమీ లేదని చూడాలి. పక్క వైర్ల ప్రభావంతో టెస్టర్ అబద్ధపు వెలుగు చూపిస్తుంది. అందుకే హోల్డరులో బల్బు బిగించిన టెస్ట్ ల్యాంపుతో చూడటం మేలు.

ప్రశ్న: బ్యాకప్ మీద నడుస్తున్నప్పుడు కూడా ఆర్‌సీసీబీ షాకు నుంచి కాపాడుతుందా? టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది కాబట్టి బాగున్నట్టేనా?

జవాబు: టెస్ట్ బటన్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడే పొరబడతారు. ఆ బటన్ నొక్కితే లోపలున్న చిన్న రెసిస్టర్ గుండా ఫేజు నుంచి న్యూట్రల్‌కి కొంచెం కరెంటు పక్కదారిన పోతుంది. ఎర్త్‌తో దానికి పనే లేదు. కాబట్టి ఎర్త్ లేని ఇంట్లో కూడా బటన్ నొక్కితే పడుతుంది. ఆర్‌సీసీబీ యంత్రం పనిచేస్తోందని మాత్రమే దాని అర్థం.

మనిషికి షాకు తగిలినప్పుడు కరెంటు ఒంట్లోంచి భూమిలోకి వెళ్లి, భూమి గుండా తిరిగి మూలానికి చేరాలి. బయటి కరెంటుకి ఆ దారి ఉంటుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్త్ చేసి ఉంచుతారు. కరెంటు పోయి ఇన్వర్టర్ తన న్యూట్రల్‌ను కూడా బయటి నుంచి తెంచుకున్నప్పుడు ఆ దారి తెగుతుంది. ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలినా ఏ బ్రేకరూ పడదు. ఆ మొదటి లోపం ఎవరికీ తెలియకుండా అలాగే ఉండిపోతుంది. రెండో పరికరంలో రెండో లోపం వచ్చిన రోజు, ఆ రెండింటినీ ఒకేసారి తాకిన మనిషి మీద పూర్తి వోల్టేజీ పడుతుంది.

అందుకే సోలార్, బ్యాటరీ, బయటి కరెంటు మూడింటితోనూ నడిచే మంచి హైబ్రిడ్ ఇన్వర్టర్లలో ఒక రిలే (తానే మారే స్విచ్) ఉంటుంది. బ్యాకప్‌లోకి వెళ్లిన క్షణంలో అది న్యూట్రల్‌ను ఎర్త్‌కి కలుపుతుంది, బయటి కరెంటు రాగానే విడదీస్తుంది. కొన్నింట్లో ఈ సదుపాయాన్ని సెట్టింగులో తెరవాలి. కొన్నింట్లో బయట రిలే పెట్టుకోవాలి. మీ ఇంట్లో ఉందో లేదో చూడటానికి ఇన్వర్టర్‌ను బ్యాకప్‌లో నడిపి, సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టేజీ కొలవండి. ఒకటి రెండు వోల్టులుంటే కలిసి ఉంది. 100 నుంచి 120 దాకా చూపిస్తే న్యూట్రల్ గాల్లో తేలుతోంది.

ఇది తెలిసి, బోర్డులో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ శాశ్వతంగా ఒక ముక్క వైరుతో కలిపేసేవాళ్లున్నారు. అది తప్పు. బయటి కరెంటు ఉన్నప్పుడు న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ వైరులో ప్రవహించడం మొదలుపెడుతుంది. రిలే ఉండటానికి కారణమే అది.

ప్రశ్న: బ్యాటరీ ఫుల్ చార్జిలో ఉన్నా లోడు పెరగగానే లో బ్యాటరీ అలారం వస్తోంది. బ్యాటరీ వైర్లు వేడెక్కుతున్నాయి. 12 వోల్టుల ఇన్వర్టర్, 10 చదరపు మి.మీ. వైరు, బ్యాటరీ రెండు మీటర్ల దూరంలో ఉంది. లోడు 700 వాట్ల దాకా ఉంటుంది.

జవాబు: మీ బ్యాటరీ బాగానే ఉండి ఉంటుంది. వైరు సన్నం, దూరం ఎక్కువ.

ఇంటి వైరింగులో 700 వాట్లంటే మూడు ఆంపియర్లు. 12 వోల్టుల వైపు ఆ లెక్క మారిపోతుంది. ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే, లోడు కింద బ్యాటరీ 10.8 వోల్టులకు దిగినప్పుడు 700ని 10.8తోనూ 0.85తోనూ భాగించాలి, సుమారు 76 ఆంపియర్లు. రాగి వైరు రెసిస్టెన్సు లెక్క తేలిక: 0.0175ను మొత్తం పొడవుతో గుణించి మందంతో భాగించండి. మొత్తం పొడవు అంటే పోయేదీ వచ్చేదీ కలిపి, మీకు నాలుగు మీటర్లు. పది చదరపు మి.మీ. వైరులో 0.007 ఓములు వస్తుంది. 76 ఆంపియర్ల దగ్గర సగం వోల్టు పైన వైరులోనే పోతోంది, 40 వాట్లు వేడిగా మారుతోంది. బ్యాటరీ దగ్గర 11.2 వోల్టులున్నా ఇన్వర్టర్‌కి 10.7 కనిపిస్తుంది, అది అలారం కొడుతుంది.

25 చదరపు మి.మీ. వైరు వేసి, ఇన్వర్టర్‌ను దగ్గరికి జరిపి ఒక్కో వైరు ఒక మీటరుకి తగ్గిస్తే నష్టం 0.11 వోల్టుకి దిగుతుంది. మందం పెంచడం కంటే దూరం తగ్గించడం ముందు చేయండి. కొనేది నిజమైన రాగి వైరో కాదో చూసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైర్లు చాలా వస్తున్నాయి. పోగును కత్తితో గీకితే లోపల తెల్లగా కనిపించవచ్చు, కానీ తగరం పూసిన మంచి రాగి కూడా పైకి తెల్లగానే ఉంటుంది. కోసిన కొన వైపు చూసి తేల్చుకోండి.

వైరు సరిపోయినా జాయింటు బాగోకపోతే లాభం లేదు. 5 మిల్లీఓముల వదులు జాయింటు చిన్నదిగా అనిపిస్తుంది. 76 ఆంపియర్ల దగ్గర అక్కడ, వేలి కొనంత చోటులో, 29 వాట్లు పుడతాయి. సోల్డరింగ్ ఐరన్ పనిచేసేది అంత వేడితోనే. లగ్గును (వైరు కొనకు తొడిగే లోహపు ముక్కను) సుత్తితో కొట్టి నొక్కవద్దు, వైరు మందానికి సరిపడే అచ్చున్న క్రింపింగ్ టూలుతో నొక్కించండి. తర్వాత పూర్తి లోడు పెట్టి, మల్టీమీటరును డీసీ మిల్లీవోల్టుల్లో ఉంచి, ఒక మొన బ్యాటరీ పోస్టు మీద, ఇంకోటి లగ్గు మీద ఆనించండి. 30 మిల్లీవోల్టులు దాటితే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాలి. పెట్రోలియం జెల్లీ బిగించాక పైన పూయండి. ముందే లోపల దట్టించి బిగించవద్దు.

చివరగా, మీరు ఫ్యూజు మాట రాయలేదు. లేదంటే ఈరోజే పెట్టించండి. 76ని 1.25తో గుణిస్తే 95, కాబట్టి 100 ఆంపియర్లది. పాజిటివ్ పోస్టు నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టర్‌ను కాదు, వైరును. ఇన్వర్టర్ దగ్గర పెట్టిన ఫ్యూజు, మధ్యలో వైరు నలిగి షార్టయితే చూస్తూ ఉండిపోతుంది. మీ పది చదరపు మి.మీ. వైరు మీద 100 ఆంపియర్ల ఫ్యూజు పెడితే ఫ్యూజు కంటే ముందు వైరే కాలుతుంది. అందుకని ముందు వైరు మార్చి, తర్వాత ఫ్యూజు.

ప్రశ్న: బ్యాటరీ లైనుకీ సోలార్ లైనుకీ మామూలు ఇంటి ఎంసీబీ సరిపోదా?

జవాబు: సరిపోదు. 50 హెర్ట్జుల ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాను దాటుతుంది. కాంటాక్టులు విడిపోయినప్పుడు లేచిన నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. రవ్వ సాగుతూనే ఉంటుంది, లోపలి ప్లాస్టిక్ కాలి బూడిదయ్యేదాకా. డీసీకి అని రాసి, మీ వోల్టేజీకి తగిన రేటింగు ఉన్నదే వాడండి.

డీసీ ఎంసీబీల్లో ఇంకో మెలిక ఉంది. కొన్నింటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. వాటిలో కరెంటు ఒక దిక్కునే వెళ్లాలి. తిరగేసి బిగిస్తే లోపలి అయస్కాంతం రవ్వను ఆర్పే గది వైపు కాక ఎదురు వైపు నెడుతుంది. బ్యాటరీ లైనులో చార్జింగప్పుడు ఒక దిక్కు, వాడకంలో ఇంకో దిక్కు కాబట్టి ఈ గుర్తులున్నవి అక్కడ పనికిరావు. లిథియం బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు వస్తాయి. అంత కరెంటును తెంచే శక్తి చిన్న ఎంసీబీలకు ఉండదు. టీ క్లాసు ఫ్యూజులకు 20,000 ఆంపియర్ల దాకా తెంచే సామర్థ్యం ఉంటుంది. మా సలహా అదే.

ప్రశ్న: ఇన్వర్టర్ గరిష్ఠ డీసీ వోల్టేజీ 500. ప్యానెల్ మీద ఓపెన్ సర్క్యూట్ (లోడు లేనప్పటి) వోల్టేజీ 49.5 అని ఉంది. పది ప్యానెళ్లు సిరీసులో వేస్తే 495 కదా, సరిపోతుందిగా?

జవాబు: సరిపోదు. 49.5 అన్నది ప్యానెల్ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి అంకె. చల్లబడిన కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. ప్యానెల్ కాగితంలో ఎంత పెరుగుతుందో ఉంటుంది, డిగ్రీకి 0.27 శాతం అనుకుందాం. చలికాలం తెల్లవారుజామున 10 డిగ్రీలుంటే, 15 డిగ్రీల తేడాకి 4 శాతం పెరిగి పది ప్యానెళ్లు 515 వోల్టులవుతాయి. ప్యానెల్ ఇంకా చల్లగా ఉండగానే ఎండ పడే మొదటి నిమిషాల్లో ఇన్వర్టర్ లోడు తీసుకోవడం మొదలుపెట్టదు, కాబట్టి ఆ పూర్తి వోల్టేజీ దాని మీదే నిలబడుతుంది. ఇన్‌పుట్ కెపాసిటర్లు పోతాయి. వారంటీ కూడా రాదు, ఎందుకంటే గరిష్ఠ వోల్టేజీ దాటిన సంగతి చాలా ఇన్వర్టర్లలో నమోదై ఉంటుంది. తొమ్మిది వేయండి, అదే చలిలో 464 దగ్గర ఉంటుంది. మీ ఊళ్లో ఎప్పుడైనా పడిపోయిన అత్యల్ప ఉష్ణోగ్రతతో లెక్క కట్టండి, సగటుతో కాదు.

ఎండాకాలం లెక్క తలకిందులు. సెల్ 70 డిగ్రీలకు చేరితే పనిచేసే వోల్టేజీ 15 శాతం దాకా పడిపోతుంది. 48 వోల్టుల బ్యాటరీకి చార్జ్ కంట్రోలరుతో (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగినట్టు అదుపు చేసే పెట్టెతో) పెట్టుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఒక్క ప్యానెల్‌తో ఆ బ్యాటరీ చార్జ్ కాదు, కనీసం రెండు సిరీసులో ఉండాలి.

వరుసలు సమాంతరంగా కలిపేటప్పుడు రెండు వరుసలకు ఫ్యూజులు అక్కర్లేదు. మూడు వరుసల నుంచి కావాలి. ఒక వరుసలో లోపం వస్తే మిగతా వరుసలన్నీ దానిలోకి ఎదురు కరెంటు తోస్తాయి. ఒక్కో వరుస 13.9 ఆంపియర్లయితే రెండు వరుసలు కలిసి 27.8 తోస్తాయి, ప్యానెల్ తట్టుకునేది చాలావాటికి 25 దాకానే.

కనెక్టర్ల విషయం ఒక్క మాట. రెండు వేర్వేరు కంపెనీల ఎంసీ4 కనెక్టర్లు (ప్యానెల్ వైర్లను కలిపేవి) ఒకదానిలో ఒకటి చక్కగా దూరతాయి, టక్కుమని శబ్దం కూడా వస్తుంది. అయినా కలపవద్దు. లోపలి కొలతల్లో వెంట్రుకవాసి తేడా కొన్నేళ్లకు వేడిగా, ఆ తర్వాత మంటగా మారుతుంది. ఎండలో కరెంటు పారుతుండగా వాటిని లాగకూడదు.

ప్రశ్న: ఇంటి మీద ఆన్‌గ్రిడ్ సోలార్ (బయటి కరెంటుతో కలిసి మాత్రమే నడిచేది) ఉంది. ఎర్రటి ఎండలో కూడా కరెంటు పోతే అది ఆగిపోతుంది. దాన్ని మా మామూలు హోమ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి కలిపితే నడుస్తుందట. నిజమా?

జవాబు: నడుస్తుంది. ఆ తర్వాత హోమ్ ఇన్వర్టర్ పోతుంది.

ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కావాలనే ఆగుతుంది. బయటి లైను చచ్చిపోయాక దానిలోకి కరెంటు తోయకుండా ఉండటం దాని ధర్మం. హోమ్ ఇన్వర్టర్ ఇచ్చే సైన్ వేవును చూసి అది గ్రిడ్డే అనుకుని కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. ఇంట్లో 300 వాట్ల వాడకం ఉంటే, 3,000 వాట్ల సోలార్లో మిగిలిన 2,700 వాట్లు ఎటు పోవాలి? వెనక్కి, హోమ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్ గుండా బ్యాటరీలోకి. ఆ చార్జింగును అదుపు చేసే ఏర్పాటు దానిలో లేదు. బ్యాటరీ పొంగుతుంది, లేదా ఇన్వర్టర్ పేలుతుంది.

ఇలా కలపడానికి తయారైన బ్యాటరీ ఇన్వర్టర్లు వేరే ఉన్నాయి. బ్యాటరీ నిండేకొద్దీ అవి 50 హెర్ట్జులను కొద్దికొద్దిగా పైకి జరుపుతాయి, అది గమనించి సోలార్ ఇన్వర్టర్ తన ఉత్పత్తి తగ్గించుకుంటుంది. రెండూ ఈ భాష మాట్లాడేవి అయితేనే కలపాలి. లేకపోతే ఆన్‌గ్రిడ్‌ను తీసి బ్యాకప్ అవుట్‌పుట్ ఉన్న హైబ్రిడ్ పెట్టుకోవడమే మార్గం.

ప్రశ్న: 24 వోల్టుల ఇన్వర్టర్‌కి రెండు ట్యూబులార్ (లెడ్ యాసిడ్) బ్యాటరీల బదులు 25.6 వోల్టుల, 100 ఏహెచ్ లిథియం పెట్టాం. సగం రోజులు ఉన్నట్టుండి మొత్తం ఆగిపోతోంది.

జవాబు: ఇన్వర్టర్ ఇంకా లెడ్ యాసిడ్ సెట్టింగులోనే ఉన్నట్టుంది. మీ బ్యాటరీలో 3.2 వోల్టుల ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఎనిమిది ఉంటాయి. ఒక్కో సెల్ 3.65 దాటకూడదు, అంటే మొత్తం 29.2. ట్యూబులార్‌కి ఈక్వలైజేషన్ (సెల్స్‌ను సమం చేసే అధిక చార్జింగ్) పేరుతో ఇన్వర్టర్ 31 వోల్టుల దాకా తీసుకెళ్తుంది. అంత దూరం రానివ్వకుండా బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే బోర్డు) తెంచేస్తుంది. ఆ క్షణంలో కరెంటు లేకపోతే ఇల్లు చీకటి. సోలార్ చార్జింగ్ జరుగుతుంటే, బ్యాటరీ మాయమైన లైనులో వోల్టేజీ ఎగసి ఇన్వర్టర్‌నే దెబ్బతీయవచ్చు.

చార్జింగ్ వోల్టేజీ 28.4, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచేది) 27, లో కట్ (వాడకం ఆపేది) 24 పెట్టండి. ఈక్వలైజేషన్ పూర్తిగా ఆపేయండి. చార్జింగ్ కరెంటు 20 నుంచి 50 ఆంపియర్ల మధ్య, బ్యాటరీ కాగితంలో తక్కువ రాసి ఉంటే అదే. ఈ అంకెలు విడివిడిగా మార్చే వీలు లేని పాత ఇన్వర్టర్ అయితే దానికి లిథియం పెట్టకూడదు. బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో కూడా చూడండి. 2,000 వాట్ల లోడుకి 24 వోల్టుల వైపు 93 ఆంపియర్లు కావాలి. 50 ఆంపియర్ల బీఎంఎస్ అయితే ఫ్రిజ్ స్టార్టవుతున్నప్పుడు ఆగిపోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. వోల్టేజీని చూసి చార్జి శాతం చెప్పే డిస్‌ప్లేను నమ్మవద్దు. ఈ సెల్స్ వోల్టేజీ మధ్యలో చాలాసేపు దాదాపు కదలకుండా ఉంటుంది.

బ్యాటరీ వైరు తగిలించేటప్పుడు టప్పుమని పెద్ద రవ్వ వస్తుందని కూడా మీరు రాశారు. ఇన్వర్టర్ లోపలి ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం అది. లగ్గు మీద గుంటలు పడతాయి, ఒక్కోసారి బీఎంఎస్ షార్టనుకుని తెంచేస్తుంది. 47 ఓములు, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్‌ను లగ్గుకీ పోస్టుకీ మధ్య ఐదు సెకన్లు ఆనించి, వెంటనే లగ్గు బిగించండి. రవ్వ రాదు.

ప్రశ్న: ట్యూబులార్ బ్యాటరీని మెట్ల కింద మూసిన అల్మరాలో పెట్టవచ్చా?

జవాబు: మూసినదైతే వద్దు. చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే ఒక్క రవ్వకు పేలుతుంది. అది తేలిక కాబట్టి పైకప్పు కింద పోగవుతుంది. గాలి రంధ్రాలు పైభాగంలో తప్పనిసరి, కింద కూడా కొన్ని ఉండాలి. ఇన్వర్టర్‌ను సరిగ్గా బ్యాటరీ పైన పెట్టవద్దు, యాసిడ్ ఆవిరి దాని బోర్డులను తింటుంది. పక్కన పెట్టండి. బ్యాటరీ ముట్టుకునే ముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. స్పానర్ పట్టుకునే భాగమంతా టేపు చుట్టండి.

ప్రశ్న: వాన పడిన రోజు ఉదయం సోలార్ ఇన్వర్టర్ ఐసొలేషన్ ఫాల్ట్ చూపిస్తుంది. పది గంటలకు ఎండెక్కాక మామూలైపోతుంది. పట్టించుకోవాలా?

జవాబు: తప్పకుండా. ప్యానెల్ వైరు ఎక్కడో తోలు లేచి, తడిసినప్పుడు ఫ్రేముకి కరెంటు పారుతోంది. ఆరాక దారి మూసుకుంటోంది, లోపం అక్కడే ఉంది. అది నయమయ్యేదాకా ఫ్రేములను వట్టి చేత్తో తాకవద్దు.

వెతకడానికి ఒక చక్కని ఉపాయం ఉంది, 1,000 వోల్టుల రేటింగున్న మీటరూ, రబ్బరు గ్లవుజులూ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఫాల్ట్ కనిపిస్తున్న సమయంలోనే చేయాలి. ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసొలేటర్ దించి, వరుస రెండు కొసలనూ విడిగా ఉంచి, మైనస్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవాలి. మంచి వరుస అయితే అంకె నిలవదు, సున్నా వైపు జారుతుంది. లోపమున్న వరుసలో నిలబడుతుంది. ఉదాహరణకు ఒక్కో ప్యానెల్ 49 వోల్టులు ఇస్తుండగా 98 దగ్గర నిలిస్తే, మైనస్ కొస నుంచి రెండు ప్యానెళ్లు దాటాక, రెండో దానికీ మూడో దానికీ మధ్య వెతకండి. ఫ్రేము కింద నలిగిన వైరు, నీటి గుంటలో పడి ఉన్న కనెక్టరు, ఎలుక కొరికిన చోటు, ఈ మూడింటిలో ఒకటి కనిపిస్తుంది. టేపు చుట్టి సరిపెట్టవద్దు, ఆ ముక్క కోసి కొత్తది వేయండి. వైరును ఫ్రేముకి ఎత్తి కట్టండి.

ప్రశ్న: బ్యాటరీ, ప్యానెల్, కంట్రోలరు, వీటిలో ఏది ముందు కలపాలి? ఇన్వర్టర్ సర్వీసుకి వచ్చినప్పుడు ఏ వరుసలో ఆపాలి?

జవాబు: కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. కంట్రోలరు తను 12 వోల్టులదా 24 వోల్టులదా అన్నది బ్యాటరీని చూసే తెలుసుకుంటుంది. విడదీసేటప్పుడు ప్యానెల్ ముందు, బ్యాటరీ చివర.

హైబ్రిడ్ అయితే మొదట ఇంటి లోడు ఎంసీబీలు దించండి. తర్వాత ఇన్వర్టర్ బటన్, ఆపై సోలార్ డీసీ ఐసొలేటర్, బ్యాటరీ బ్రేకరు, చివరికి బయటి కరెంటు ఎంసీబీ. ఐదు నిమిషాలు ఆగండి, కెపాసిటర్లలో చార్జి దిగాలి. మీటరును ముందు కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందని చూసి, తర్వాత ఆపిన చోట కొలిచి, మళ్లీ కరెంటున్న చోట చూడండి. మధ్యలో మీటరే చెడిపోతే సున్నా చూపిస్తుంది. ఇంత చేసినా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ నుంచి ఐసొలేటర్ దాకా వైరు బతికే ఉంటుంది.

ఈ వరుసను కాగితం మీద రాసి ఇన్వర్టర్ పక్కన అంటించండి. మెయిన్ బోర్డు తలుపు మీదా, మీటరు దగ్గరా పెద్ద అక్షరాలతో ఇంకోటి రాయించండి: "ఈ ఇంట్లో సోలార్, బ్యాటరీ ఉన్నాయి. మెయిన్ ఆపినా వైర్లలో కరెంటు ఉంటుంది."